పాఠకుల ప్రశ్నలు: లినక్స్‌లో ప్రాసెసర్ వేగం తప్పుగా కనిపిస్తోందా?

ఈ నెల మాకు అందిన కంప్యూటర్ ప్రశ్నల్లో చాలా భాగం ఒకే సందేహం చుట్టూ ఉన్నాయి. కొన్న ప్రాసెసర్ ఒక వేగానిదైతే లినక్స్ మరో వేగం చూపిస్తోందని, ఆ తేడా ఎందుకో తెలియడం లేదని పాఠకులు రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ ఇంజినీరింగ్ చదువుతున్నాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. కోర్ ఐ5-8250యూ ప్రాసెసర్ అని దుకాణంలో చెప్పారు. అక్కడ విండోస్‌లో చూసినప్పుడు 1.60 గిగాహెర్ట్జ్ అనీ, దాని పక్కనే 1.80 గిగాహెర్ట్జ్ అనీ రెండు అంకెలు ఉన్నాయి. ఇంటికి వచ్చి ఉబుంటు లినక్స్ వేసుకున్నాక, ప్రాసెసర్ వివరాలు చూపే ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ ఇస్తే గరిష్ఠ వేగం 3400 మెగాహెర్ట్జ్ అంటోంది. ప్రాక్ ఫోల్డరులోని సీపీయూఇన్ఫో ఫైలు తెరిస్తే 800 మెగాహెర్ట్జ్ అని ఉంది. మళ్లీ తెరిస్తే ఒక కోర్‌కు 2100, మిగిలిన వాటికి 800 చూపించింది. అదే ఫైలులో బోగోమిప్స్ అని 3600 కూడా ఉంది. ఇన్ని అంకెల్లో ఏది నిజం? నాకు పాత ప్రాసెసర్ అంటగట్టారా?

జవాబు: మీరు మోసపోలేదు. మీరు రాసిన అంకెలన్నీ ఆ ప్రాసెసర్‌కు సరిగ్గా సరిపోతున్నాయి. అవి ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించడానికి కారణం, వాటిలో ప్రతి ఒక్కటీ వేరే విషయాన్ని చెబుతూ ఉండడమే.

ముందుగా పేరు సంగతి. ఎల్ఎస్‌సీపీయూలో మోడల్ నేమ్ అనే వరుసలో కనిపించే వాక్యం లినక్స్ కొలిచి రాసింది కాదు. ప్రాసెసర్ లోపలే 48 అక్షరాల వరకూ పట్టే చోట తయారీదారు రాసి ఉంచిన పేరును లినక్స్ చదివి యథాతథంగా మనకు చూపిస్తుంది. అందులోని 1.60 గిగాహెర్ట్జ్ అనేది ఆ చిప్‌కు 15 వాట్ల విద్యుత్ పరిమితిలో తయారీదారు హామీ ఇచ్చిన మూల వేగం. ఇదే చిప్‌ను 25 వాట్ల వరకూ వాడుకునేలా ల్యాప్‌టాప్ తయారుచేసేవారు అమర్చుకుంటే మూల వేగం 1.80 అవుతుంది. చిప్‌లో ఎప్పుడూ ఒకే వేగంతో నడిచే టైమ్ స్టాంప్ కౌంటర్ ఈ 1.80ని అనుసరించి నడుస్తుంది కాబట్టి విండోస్ కూడా ఆ అంకెను పక్కన చూపించింది. పని తక్కువ కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే భాగాల) మీదే పడి, వేడి అదుపులో ఉన్నప్పుడు ఆ చిప్ అందుకోగల పై అంచు 3.40. దీన్నే టర్బో వేగం అంటారు. ఎల్ఎస్‌సీపీయూ చూపించిన 3400 అదే. అది పరిమితి మాత్రమే, ఆ క్షణంలో ఉన్న వేగం కాదు.

ఇక 800 విషయానికి వద్దాం. పని లేనప్పుడు ప్రాసెసర్‌ను పూర్తి వేగంతో నడిపితే బ్యాటరీ, విద్యుత్తు రెండూ వృథా అవుతాయి, యంత్రం కూడా ఊరికే వేడెక్కుతుంది. కాబట్టి లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ అనే ప్రోగ్రాము, ప్రాసెసర్ కలిసి ప్రతి కోర్ వేగాన్నీ సెకనులో ఎన్నోసార్లు పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. మీ చిప్ 400 మెగాహెర్ట్జ్ వరకూ దిగగలదు. మీరు ఫైలు తెరిచిన ప్రతిసారీ కనిపించేది ఆ క్షణపు అంకె. పైగా ఆ ఫైలును తెరవడం కూడా ఒక పనే. ఆ పని ఏ కోర్ మీద పడితే ఆ కోర్ మేలుకొని వేగం పుంజుకుంటుంది. ఒక్క కోర్‌కు మాత్రం 2100 కనిపించడానికి బహుశా అదే కారణం. ఒకసారి చూసి వేగం ఇంతేనని తేల్చేయడం, ఎర్రలైటు దగ్గర ఆగి ఉన్న బస్సు మీటరు చూసి ఆ బస్సు నడవదని చెప్పడం వంటిది.

బోగోమిప్స్‌ను వేగంగా తీసుకోవద్దు. కెర్నెల్ మొదలయ్యేటప్పుడు అతి చిన్న విరామాలను లెక్కగట్టుకోవడానికి వాడుకునే సంఖ్య అది. మీ తరహా ప్రాసెసర్లలో అది టైమ్ స్టాంప్ కౌంటర్ వేగానికి రెట్టింపు ఉంటుంది. మీ కౌంటర్ 1800, కాబట్టి 3600 వచ్చింది. దాన్ని పట్టుకుని రెండు కంప్యూటర్లను పోల్చడంలో అర్థం లేదు.

అసలు వేగం తెలుసుకోవాలంటే ప్రాసెసర్‌కు పని అప్పగించి చూడాలి. ఒక టెర్మినల్‌లో వాచ్ కమాండ్‌కు గ్రెప్ జోడించి, సీపీయూఇన్ఫో ఫైలులో మెగాహెర్ట్జ్ ఉన్న వరుసలు సెకనుకొకసారి కనిపించేలా పెట్టుకోండి. రెండో టెర్మినల్‌లో స్ట్రెస్-ఎన్‌జీ అనే ప్రోగ్రామును ముందు ఒక్క కోర్ మీద, తరవాత మీ చిప్ ఒకేసారి నడపగల ఎనిమిది థ్రెడ్‌ల (పని వరుసల) మీద నడపండి. ఒక్క కోర్ మీద నడిచినప్పుడు దాని అంకె 3400కు దగ్గరగా వెళ్లాలి. ఎనిమిదింటి మీద నడిచినప్పుడు మొదట్లో ఎక్కువగా ఉండి, కాసేపటికి విద్యుత్ పరిమితికి లోబడి కొంత దిగుతుంది. సన్నని ల్యాప్‌టాప్‌లో ఇలా దిగడం మామూలే. అది 1600కు పైన నిలబడితే చిప్ తన హామీని నిలబెట్టుకున్నట్టే.

ఇంతకంటే నమ్మకమైన కొలత కావాలంటే టర్బోస్టాట్ వాడండి. ఉబుంటులో ఇది లినక్స్ టూల్స్ ప్యాకేజీతో వస్తుంది, సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపాలి. ఇది ప్రాసెసర్ లోపల ఉన్న రెండు కౌంటర్లను చదువుతుంది. ఒకటి కోర్ వాస్తవ వేగంతో, రెండోది స్థిరమైన వేగంతో లెక్కపెడతాయి, కోర్ నిద్రలో ఉన్నప్పుడు రెండూ ఆగిపోతాయి. వాటి నిష్పత్తిని బట్టి కోర్ మేలుకొని ఉన్న కాలంలో సగటున ఎంత వేగంతో నడిచిందో తేలుతుంది. ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. యావరేజ్ మెగాహెర్ట్జ్ గడిలో 32 కనిపిస్తే గాభరా పడనక్కర లేదు. కోర్ నూటికి 2 వంతుల కాలమే మేలుకొని ఉండి, ఆ కాలంలో 1600తో నడిస్తే, నిద్రను కూడా కలిపి తీసిన సగటు 32 అవుతుంది. మీరు చూడవలసింది బిజీ మెగాహెర్ట్జ్ అనే గడిని.

పాత సలహాల్లో సీపీయూఇన్ఫో గురించి పరస్పర విరుద్ధమైన మాటలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. 2017లో వచ్చిన 4.13 కెర్నెల్‌లో ఆ వరుస మారని స్థిర సంఖ్యను చూపేలా చేశారు. అదే ఏడాది వచ్చిన 4.14లో మళ్లీ అప్పటికప్పుడు ఉన్న వేగం చూపేలా మార్చారు. ఎవరు ఏ కెర్నెల్ మీద చూసి రాశారన్న దాన్ని బట్టి వారి మాట మారుతుంది.

సెకండ్ హ్యాండ్ యంత్రం కొనబోతున్న మిగతా విద్యార్థులకు కూడా ఒక మాట. ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లి, దుకాణంలోనే దానితో బూట్ చేసి ఎల్ఎస్‌సీపీయూ చూసుకోండి. డిస్క్‌లో ఉన్న విండోస్‌లో ఎవరు ఏ మార్పు చేసినా, మీ పెన్‌డ్రైవ్ నుంచి మొదలైన లినక్స్ నేరుగా ప్రాసెసర్‌నే అడిగి చెబుతుంది.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, మల్కాజిగిరిలో ఉంటాను. మా అబ్బాయి వదిలేసిన కోర్ 2 డుయో ఈ7400 డెస్క్‌టాప్‌లో తేలికపాటి లినక్స్ వేసి వాడుకుంటున్నాను. దాని వేగం 2.8 గిగాహెర్ట్జ్ కావాలి. ఎప్పుడు చూసినా సరిగ్గా 1600 మెగాహెర్ట్జ్ అని ఉంటోంది. చిప్ ముసలిదైపోయిందా?

జవాబు: లేదండీ. సిలికాన్ చిప్‌లు వయసుతో ఇలా నెమ్మదించవు. మీ ప్రాసెసర్ వేగం ఒక గుణకారం వల్ల వస్తుంది. మదర్‌బోర్డు ఇచ్చే బస్ క్లాక్ (ప్రాసెసర్‌కు, మిగతా భాగాలకు మధ్య సమాచారం నడిచే దారి వేగం) సుమారు 266.67 మెగాహెర్ట్జ్. దాన్ని 10.5తో హెచ్చిస్తే 2800 వస్తుంది. పని లేనప్పుడు ప్రాసెసర్ ఆ గుణకాన్ని 6కు తగ్గించుకుంటుంది, అప్పుడు 1600 వస్తుంది. అంటే మీకు కనిపిస్తున్నది దాని విశ్రాంతి వేగం. పెద్ద ఫైలు ఒకటి జిప్ చేస్తూ చూస్తే అంకె 2800కు ఎగబాకుతుంది.

ఒకవేళ పని పెట్టినా అది 2100 దగ్గరే ఆగిపోతే, అప్పుడు అనుమానించవలసింది బస్ క్లాక్‌ను. 200ను 10.5తో హెచ్చిస్తే 2100 అవుతుంది కదా. ఇన్నేళ్ల బోర్డులో రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 సెల్ అయిపోయి, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) సెట్టింగులు చెరిగిపోవడం అరుదేమీ కాదు. కంప్యూటర్ చూపే టైమూ, తేదీ కూడా ప్రతిసారీ తప్పుతున్నాయా చూడండి. తప్పుతుంటే సెల్ మార్చి, బయోస్‌లోకి వెళ్లి డిఫాల్ట్ సెట్టింగులు లోడ్ చేసి భద్రపరచండి.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటూ ఇంటి నుంచే పని చేస్తాను. మే నెల మొదట్లో నా ల్యాప్‌టాప్ చార్జర్ పాడైతే బజారులో దొరికిన మరో కంపెనీ చార్జర్ కొన్నాను. అప్పటి నుంచి లినక్స్‌లో అన్ని కోర్లూ 400 మెగాహెర్ట్జ్ మాత్రమే చూపిస్తున్నాయి. బ్రౌజర్ తెరిచినా, కోడ్ కంపైల్ చేసినా కదలడం లేదు. ప్రాసెసర్ వేగాన్ని ఎలా నడపాలో లినక్స్‌కు చెప్పే గవర్నర్ అనే సెట్టింగును పర్‌ఫార్మెన్స్‌కు మార్చాను, ఫలితం లేదు. లినక్స్ తీసేసి మళ్లీ వేయమంటారా? లేక ఈ అంకె తప్పా?

జవాబు: మళ్లీ వేయవద్దు, అంకె తప్పూ కాదు. మొదటి ఉత్తరంలోని 800కూ మీ 400కూ ఉన్న తేడా గమనించండి. అక్కడ పని పెడితే వేగం పెరుగుతోంది, మీ దగ్గర పని పెట్టినా పెరగడం లేదు, యంత్రం కూడా నిజంగానే ఈడుస్తోంది. వాటిని రెండింటినీ ఒకే గాటన కట్టి, లినక్స్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుందిలే అని వదిలేసే వారిని చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే సులువుగా బాగుపడే యంత్రాన్ని వారు పనికిరాదని పక్కన పడేస్తారు.

వేగాన్ని కిందకు తొక్కిపెట్టింది లినక్సా, హార్డ్‌వేరా అన్నది మొదట తేల్చుకోవాలి. సిస్ ఫోల్డరులో డివైసెస్, సిస్టమ్, సీపీయూ, సీపీయూ0 మీదుగా సీపీయూఫ్రెక్ అనే ఫోల్డరుకు వెళ్లండి. అక్కడ స్కేలింగ్_మ్యాక్స్_ఫ్రెక్ ఫైలులో ఉన్న సంఖ్య చదవండి. అది కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, కాబట్టి 400000 అంటే 400 మెగాహెర్ట్జ్. ఆ ఫైలులోనే 400000 ఉంటే ఆ పరిమితిని ఏదో ప్రోగ్రాము పెట్టింది. బ్యాటరీ ఆదా కోసం వేసుకున్న టీఎల్‌పీ వంటి ప్రోగ్రాము సెట్టింగులను, డెస్క్‌టాప్‌లోని పవర్ మోడ్‌ను చూడాలి. అక్కడ మీ చిప్ పూర్తి వేగమే రాసి ఉండి, వాస్తవ వేగం మాత్రం 400 దాటకపోతే లినక్స్‌కు సంబంధం లేదు. గవర్నర్ మార్చినా ఫలితం లేదంటున్నారు కాబట్టి మీది ఈ రెండో రకమే కావచ్చు. గవర్నర్ గురించి మరొక సంగతి కూడా తెలుసుకోండి. ఇంటెల్ పీస్టేట్ (ఇంటెల్ ప్రాసెసర్ల వేగాన్ని నడిపే) డ్రైవర్ ఉన్న యంత్రాల్లో పవర్‌సేవ్ గవర్నర్ ఉన్నా పనిని బట్టి వేగం పెరుగుతుంది. కాబట్టి ఆ మాట చూసి దాన్ని దోషిగా అనుకోనక్కర లేదు.

ఇప్పుడు చార్జర్ దగ్గరకు వద్దాం. చాలా ల్యాప్‌టాప్‌లు చార్జర్‌తో ఒక చిన్న సంభాషణ జరుపుతాయి. పిన్ మధ్యలోని సన్నని తీగ ద్వారానో, టైప్-సీ అయితే ఆ కేబుల్ ద్వారానో, నువ్వు ఎన్ని వాట్లు ఇవ్వగలవని అడుగుతాయి. జవాబు రాకపోతే ఎక్కువ విద్యుత్తు లాగడం ప్రమాదమని భావించి, మదర్‌బోర్డు ప్రాసెసర్‌కు ప్రాక్‌హాట్ అనే సంకేతం పంపుతుంది. నిజానికి ఆ సంకేతం ప్రాసెసర్ మితిమీరి వేడెక్కినప్పటి కోసం ఉద్దేశించింది. అయితే బయటి నుంచి మదర్‌బోర్డు కూడా దాన్ని ఇవ్వగలదు. అది అందిన వెంటనే ప్రాసెసర్ తన కనిష్ఠ వేగానికి పడిపోయి, సంకేతం తొలగే దాకా అక్కడే ఉంటుంది. కెర్నెల్ ఎంత అడిగినా వినదు.

పరీక్ష తేలిక. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జర్ తీసేసి, బ్యాటరీ మీదనే ఆన్ చేసి పని పెట్టండి. వేగం పెరిగితే దోషం చార్జర్‌దే. ఆన్ చేసేటప్పుడు అడాప్టర్‌ను గుర్తించలేకపోయామని నల్ల తెర మీద హెచ్చరిక వస్తోందేమో కూడా గమనించండి. అలా వస్తే ఎంటర్ కొట్టి ముందుకు పోవడం మానండి, మీ సమస్యకు జవాబు అక్కడే ఉంది. కొత్త చార్జర్ కొనేటప్పుడు పిన్ పడితే చాలనుకోకుండా, పాత చార్జర్ చీటీ మీది వోల్టులూ వాట్లూ సరిపోల్చి, మీ మోడల్ గుర్తించేదే తీసుకోండి.

బ్యాటరీ మీద కూడా 400 దగ్గరే ఉంటే అప్పుడు వేడిని చూడాలి. హైదరాబాద్ మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్యాను నిండా దుమ్ము పట్టిన ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడితే ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరుకోవడానికి ఎంతోసేపు పట్టదు. సెన్సర్స్ కమాండ్ డిగ్రీలు చెబుతుంది. సీపీయూ0 ఫోల్డరులోనే థర్మల్_థ్రాటిల్ అనే మరో ఫోల్డరు ఉంది. అందులోని కోర్_థ్రాటిల్_కౌంట్, ప్యాకేజ్_థ్రాటిల్_కౌంట్ ఫైళ్లు వేడి వల్ల వేగం ఎన్నిసార్లు తగ్గించవలసి వచ్చిందో లెక్క ఉంచుతాయి. పని పెట్టి, ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు చదివి, ఆ సంఖ్యలు పెరుగుతున్నాయేమో చూడండి. పెరుగుతుంటే ఫ్యాను శుభ్రం చేయించి, థర్మల్ పేస్ట్ మార్పించండి.

ప్రాసెసర్ రిజిస్టరులో ఒక బిట్ మార్చి బయటి నుంచి వచ్చే ప్రాక్‌హాట్‌ను లెక్కచేయకుండా చేసే ఉపాయం ఒకటి ఉంది. అది పని చేస్తుంది కూడా. కానీ ఎన్ని వాట్లు ఇవ్వగలదో తెలియని చార్జర్ నుంచి పూర్తి విద్యుత్తు లాగించడం అవుతుంది కనుక, నేను దాన్ని సిఫారసు చేయను.

ప్రశ్న: అమీర్‌పేటలో లినక్స్ అడ్మినిస్ట్రేషన్ శిక్షణ తీసుకుంటున్నాను. కంప్యూటర్ లోపలే మరో ఊహా కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాములో నడిపే లినక్స్‌లో ప్రాసెసర్ వేగం ఎంత పని పెట్టినా ఒకే అంకె చూపిస్తుంది. సీపీయూఫ్రెక్ ఫోల్డరే లేదు. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో ఎగ్జిక్యూషన్ క్యాప్‌ను 50 శాతానికి తగ్గించినా అంకె మారలేదు.

జవాబు: మారదు. వర్చువల్ యంత్రానికి అసలు ప్రాసెసర్ వేగాన్ని పెంచే, తగ్గించే అధికారం ఉండదు. అది హోస్ట్ (బయట ఉన్న అసలు కంప్యూటర్) చేతిలో ఉంటుంది. అందుకే ఆ ఫోల్డరు ఏర్పడలేదు. లోపలి లినక్స్ బూట్ అయ్యేటప్పుడు టైమ్ స్టాంప్ కౌంటర్‌ను కొలిచి, ఆ సంఖ్యనే చివరిదాకా చూపిస్తూ ఉంటుంది. ఎగ్జిక్యూషన్ క్యాప్ తగ్గిస్తే మీ యంత్రానికి ప్రాసెసర్ దొరికే కాలం తగ్గుతుంది, గడియారం వేగం తగ్గదు.

వేగం నిజంగానే తప్పుగా నమోదయ్యే అవకాశం ఉన్న సందర్భం కూడా ఇదే. కౌంటర్‌ను కొలుస్తున్న క్షణంలో హోస్ట్ మీద విపరీతమైన ఒత్తిడి ఉంటే లెక్క తప్పవచ్చు. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్ ఇచ్చి టీఎస్‌సీ (టైమ్ స్టాంప్ కౌంటర్) అన్న వరుసలు వెతికి, అక్కడి సంఖ్యను హోస్ట్‌లోని సంఖ్యతో పోల్చండి. తేడా ఉంటే హోస్ట్ ఖాళీగా ఉన్నప్పుడు వర్చువల్ యంత్రాన్ని రీబూట్ చేయండి. క్లౌడ్‌లో కేవీఎం (లినక్స్‌లోని వర్చువల్ యంత్రాల ఏర్పాటు) మీద నడిచే యంత్రాల్లో వేగం కంటే టాప్ కమాండ్‌లోని ఎస్‌టీ గడి ముఖ్యం. అది మీకు దక్కవలసిన ప్రాసెసర్ కాలంలో ఎంత భాగం వేరే వారికి పోయిందో చెబుతుంది.

ప్రశ్న: ఉప్పల్‌లోని ఒక పాఠశాలలో సైన్స్ చెబుతాను. పిల్లల ప్రాజెక్టుల కోసం రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడుతున్నాం. దాని సీపీయూఇన్ఫో ఫైలులో మెగాహెర్ట్జ్ వరుసే లేదు. బోగోమిప్స్ మాత్రం 108 అని ఉంది. పిల్లలు ఇది 108 మెగాహెర్ట్జ్ కంప్యూటరా అని అడుగుతున్నారు. కెమెరా తగిలిస్తే నెమ్మదిస్తోంది కూడా.

జవాబు: ఈ బోర్డులో ఉన్న ఆర్మ్ రకం ప్రాసెసర్లలో ఆ ఫైలు వేగాన్ని చూపించదు. ఈ బోర్డులోని టైమర్ 54 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది, దానికి రెట్టింపే ఆ 108. దానికీ ప్రాసెసర్ వేగానికీ సంబంధం లేదని పిల్లలకు చెప్పండి. 2019లో వచ్చినప్పుడు ఈ బోర్డు వేగం 1.5 గిగాహెర్ట్జ్, పని లేనప్పుడు 600 మెగాహెర్ట్జ్‌కు దిగుతుంది. బోర్డు స్థితిని చెప్పే వీసీజెన్‌సీఎండీ కమాండ్‌కు మెజర్_క్లాక్ ఆర్మ్ అని జోడిస్తే ఆ క్షణపు వేగం హెర్ట్జ్‌లలో, పది అంకెల సంఖ్యగానో తొమ్మిది అంకెల సంఖ్యగానో వస్తుంది. దాన్ని పది లక్షలతో భాగించి మెగాహెర్ట్జ్‌లోకి మార్చడం పిల్లలకే అప్పగించండి.

నెమ్మదించడానికి కారణం ఎక్కువగా విద్యుత్ సరఫరాయే. ఫోన్ చార్జర్‌తోనూ సన్నని కేబుల్‌తోనూ నడిపితే కెమెరా, యూఎస్‌బీ పరికరాలు తగిలించగానే వోల్టేజి పడిపోతుంది. అది 4.63 వోల్టుల కంటే దిగితే బోర్డు దాన్ని లోపంగా గుర్తిస్తుంది. వీసీజెన్‌సీఎండీకి గెట్_థ్రాటిల్డ్ జోడించి చూడండి. 0ఎక్స్0 వస్తే అంతా సవ్యం. 0ఎక్స్50005 వస్తే చివరి 5 ఇప్పుడు వోల్టేజి తక్కువగా ఉండి వేగం తగ్గించారని, మొదటి 5 ఇంతకు ముందు కూడా అలాగే జరిగిందని చెబుతాయి. 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే సరఫరా వాడి, చిప్ 80 డిగ్రీలు దాటకుండా హీట్‌సింక్ పెట్టండి. సరఫరా మార్చాక బోర్డును తప్పనిసరిగా రీబూట్ చేసి చూడండి, ఎందుకంటే గతాన్ని సూచించే ఆ మొదటి 5 రీబూట్ అయ్యేవరకూ చెరగదు, లోపం పోయినా పోలేదనిపిస్తుంది.